మెరుగు పెట్టిన రాయి

పదమూడేళ్లుగా ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పొద్దున షట్టర్ ఎత్తుతుంటే గుర్తుకొస్తుంది. అన్నం కలుపుకుంటుంటే గుర్తుకొస్తుంది. ఎవరైనా నా పనితనం మెచ్చుకున్నప్పుడైతే మరీ పొడుస్తుంది. మీరెవరో నాకు తెలియదు. ఒక రకంగా అదే నయం. తెలిసినవాళ్లకు చెప్పాలంటే వాళ్ల మొహం చూస్తూ చెప్పాలి. నాకంత దమ్ము లేదు. ఉంటే పదమూడేళ్లు పట్టేదే కాదు.

జరగని దొంగతనం ఒకటి మా సిద్దిపేట బజారులో ఒక మంచి మనిషి నెత్తిన పడింది. అది జరగలేదని నాకు తెలుసు. తెలిసి నోరు మూసుకున్నాను. సంగతి ఇంతే. కానీ ఇంత చిన్నగా చెప్పి తప్పించుకుంటే మళ్లీ పాత అలవాటే అవుతుంది. మొదటి నుంచి చెబుతాను.

మాది అవుసుల ఇల్లు, బంగారం పని చేసేవాళ్లం. పాత బజారు సందులో చిన్న దుకాణం. బాపుకు చేతులు వణకడం మొదలయ్యాక ఆయన పీట మీద నేను కూర్చున్నాను. ఆడపిల్ల ఊదుగొట్టం పట్టుకుంటే జనానికి ఎంత వింతో! వచ్చిన ప్రతివాళ్లూ గడపలో నిలబడి, నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "బాపు లేడా బిడ్డా?" అనేవాళ్లు. రోజుకు పదిసార్లు. మరి నేనెవరిని? పీట మీద కూర్చున్నది మనిషిలా కనబడటం లేదా? ఒళ్లు మండేది. ఆ మంటతోనే పని నేర్చుకున్నాను. వీళ్లందరితో ఒక్కసారి ఔరా అనిపించాలన్న కసి ఒకటి ఉండేది నాకు. ఇప్పుడు ఆలోచిస్తే, నన్ను ముంచింది ఆ కసే అనిపిస్తుంది.

బంగారం పని బాపు నేర్పాడు. రాళ్ల సంగతి నేర్పింది ఖాజా చాచా. మా వెనక సందులో ఆయనకు ఒక గది ఉండేది. రాళ్లకు సానపట్టి మెరుగు పెట్టడం, నగల్లో పొదగడం ఆయన పని. బజారులో ఎవరికి రాయి పని వచ్చినా ఆయన దగ్గరికే పంపేవాళ్లు. రసీదు లేదు, లెక్కాపత్రం లేదు, ఉత్త కాగితం పొట్లం. ఎవరి రాయి వాళ్లకు చేరేది. ఆ నమ్మకం మీదే ఆయన పొయ్యి వెలిగేది.

నాకు పదో తరగతి పుస్తకాల కంటే ఆయన మాటలే బాగా తలకెక్కాయి. ఆక్వామెరైన్ అని ఇంగ్లీషులో అనే రాయిని ఆయన బేరూజ్ అనేవాడు. "పచ్చరాయికి చెల్లె గిది. ఒక్క తల్లి పిల్లలే. అక్కకు పొగరు, జర తగిల్తే పలుగుతది. చెల్లె శాంతంగుంటది" అని నవ్వేవాడు. ఓడల మీద తిరిగేవాళ్లు సముద్రం తమను ఏమీ చేయకూడదని ఈ రాయిని వెంట ఉంచుకునేవాళ్లట. చాలా బేరూజ్‌లు భూమిలో దొరికినప్పుడు కొంచెం ఆకుపచ్చగా ఉంటాయని, పద్ధతిగా వేడి చేస్తే ఆ పచ్చదనం పోయి నీలం మిగులుతుందని, బజారులో నీలానికే గిరాకీ అని కూడా ఆయనే చెప్పాడు. వెంటనే వేలు చూపించి, "పోయిన పచ్చదనం మల్ల రాదు. రాయి గల్లాయినను అడగకుండ నిప్పుల పెట్టద్దు బిడ్డా" అన్నాడు. విన్నాను. బాగా విన్నాను. వినలేదని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు.

ఒక రోజు చిన్నకోడూరు నుంచి ఒకామె వచ్చింది. సుగుణక్క అందాం, అసలు పేరు అది కాదు. నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె భర్త మస్కట్‌లో డ్రైవర్‌గా చేసి, సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు గుండె ఆగి పోయాడు. అప్పటికి రెండేళ్లు. ఆమె కుంకుమ భరిణె తీసి, దూదిలో చుట్టిన రాయిని అరచేతిలో పెట్టుకుని చూపించింది. శనగ గింజ కంటే కొంచెం పెద్దది. లేత నీలం, అందులో లేత ఆకుపచ్చ. ఆ సమయానికి చాచా మా దుకాణంలోనే చాయ్ తాగుతున్నాడు.

"మా ఆయన గాడికెల్లి తెచ్చిండు. పొద్దుగాల గాడ సముద్రం గిదే రంగుల ఉంటదని ఫోన్ల చెప్తుండె. నేనేడ చూసిన సముద్రం? గిదే సముద్రమనుకోని చూసుకుంట" అంది సుగుణక్క.

చాచా కంటి అద్దం పెట్టి చూసి, "అసలు బేరూజ్ అమ్మా. లోపల వాన పడుతున్నది చూడు" అన్నాడు. రాయి లోపల సన్నని గీతలు, అన్నీ ఒకే వాలున, నిజంగానే వాన జల్లులా ఉన్నాయి. కొన్ని బేరూజ్‌లలో అలా ఉంటాయి. నేనూ చూశాను. సుగుణక్కకు ఇచ్చాం గానీ ఆ చిన్న అద్దంలోంచి చూడటం ఆమెకు చేతకాలేదు. ముగ్గురం నవ్వుకున్నాం.

"పైన గీతలు వడ్డయి. జర మెరుగువెట్టి ఉంగరం జెయ్యి చెల్లె. మా పిల్లకిస్త" అంది. బాపు ఎక్కడ అని అడగలేదు. నాతోనే మాట్లాడింది, నా చేతిలోనే పెట్టింది. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

మెరుగు. ఈ మాట గురించి ఎన్నిసార్లు ఆలోచించానో! మా పనిలో మెరుగు పెట్టడం అంటే పాలిష్ చేయడం, అంతే. గీతలు పోగొట్టి నున్నగా చేయడం. కానీ మెరుగు అంటే బాగుపడటం అని కూడా అర్థం ఉంది కదా. మెరుగు పెట్టమంది, నేను మెరుగు చేశాను, అందులో తప్పేముంది? ఈ వాదన నాతో నేను కొన్ని వందల సార్లు వాదించుకున్నాను. ఎదుటి మనిషి ఉంటే ఎప్పుడో ఓడిపోయేదాన్ని. నాతో నేనే కాబట్టి ఎప్పుడూ గెలిచాను.

ఉంగరం కట్టు చేయడానికి రెండు రోజులు రాయి నా దగ్గరే ఉంది. ఫోన్‌లో పెద్ద దుకాణాల ఫోటోలు చూశాను. అన్నీ స్వచ్ఛమైన నీలం. నా చేతిలో ఉన్నదేమో పాచి పట్టిన నీళ్లలా అనిపించింది. అవును, ఆమె సముద్రం అన్నది నాకు పాచిలా కనిపించింది. మధ్యాహ్నం బాపు పడుకున్నాక మట్టి మూసలో మెత్తని బూడిద నింపి, మధ్యలో రాయిని పాతిపెట్టి, మూత పెట్టి, కుంపటి మీద కొద్దికొద్దిగా వేడి పెంచాను. లోపల వాన ఉన్న రాయి నిప్పుల్లో పగిలిపోవచ్చు. అది కూడా చాచా చెప్పిందే. అయినా పెట్టాను. ఏమనుకున్నాను? సుగుణక్క చూసి నోరెళ్లబెడుతుంది, చిన్నకోడూరంతా చెబుతుంది, ఇక నా భుజం మీదుగా ఎవరూ తొంగిచూడరు. ఇంతే అనుకున్నాను. ఆమె ఆ రంగులో ఏం చూసుకుంటుందో చెవులారా విన్నదాన్ని, ఒక్క క్షణం కూడా ఆ సంగతి తలుచుకోలేదు.

మూస చల్లారాక తీసి చూస్తే రాయి పగల్లేదు. పచ్చదనం ఆనవాలు లేదు. తేటగా, నీలంగా, ఎంత బాగుందంటే... నిజం చెప్పాలి కదా, చాలా బాగుంది. సంతోషంతో చప్పట్లు కొట్టుకున్నాను, ఒక్కదాన్నే.

మర్నాడు పొద్దున కట్టుతో పాటు చాచాకు ఇచ్చాను. ఆయన పొట్లం విప్పాడు. కంటి అద్దం పెట్టుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

"బిడ్డా, దీనికి నిప్పు చూపెట్టినవా?"

"లేదు చాచా."

"మరి పచ్చదనం ఏడ వోయింది?"

"ఏమో. సబ్బు నీళ్లతోని కడిగిన. మురికి ఉండెనేమో."

సబ్బు నీళ్లు! ముప్పై ఏళ్లు రాళ్లతోనే బతికిన మనిషికి నేను సబ్బు నీళ్ల కథ చెప్పాను. ఎందుకు చెప్పాను? ఆ క్షణం దాకా అబద్ధం ఆడాలన్న ఆలోచనే లేదు నాకు. గొప్పగా చెప్పుకుందామనే వెళ్లాను. ఆయన మొహం చూశాక నోరు దానంతట అదే లేదు అనేసింది. ఆయన కళ్లు కిందికి దించి, "సరే. గామెతోని నువ్వే చెప్పుకో" అన్నాడు. పైన గీతలు తీసి, మెరుగు పెట్టి, ఉంగరంలో కుదురుగా కూర్చోబెట్టి పంపాడు.

సుగుణక్క వచ్చింది. డబ్బీ తెరిచింది. నేను ఆమె మొహం వంకే చూస్తున్నాను, మెప్పు కోసం. ఆమె ఉంగరాన్ని వెలుగుకు పట్టుకుంది, తిప్పింది, మళ్లీ తిప్పింది.

"గిదేంది చెల్లె? గిది నాది గాదు."

బల్ల మీది ఖాళీ డబ్బీకి మూత పెట్టాను.

"నాది గిట్ల లేకుండె. మా ఆయన రాయేది? ఎవరి తాన ఉండె గిది?"

అప్పుడు నేను అన్న మాట ఇది. అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "ఖాజా చాచా తాన ఉండె అక్కా. మెరుగు వెట్టెతందుకు ఇచ్చిన."

ఇందులో అబద్ధం ఎక్కడుంది చెప్పండి? ఒక్క ముక్క లేదు. నిజంగానే ఆయన దగ్గర ఉంది, నిజంగానే మెరుగు కోసమే ఇచ్చాను. అందుకే ఆ మాట అంత బాగా పనిచేసింది. సబ్బు నీళ్లన్నది చేతకాని అబద్ధం, అది ఎవరికీ చెడు చేయలేదు. ఈ నిజం ఒక మనిషి బతుకుదెరువు తీసేసింది.

ఆమె తమ్ముణ్ని పిలిపించుకుంది. ఇద్దరూ ఉంగరం పట్టుకుని పెద్ద రోడ్డు మీద నగల దుకాణంలో ఎవరికో చూపించారు. అతను పరీక్షా గిరీక్షా ఏమీ లేకుండా, ఈ రంగులో చవక టోపాజ్ రాళ్లు కూడా వస్తాయి, మార్చారేమో చూసుకోండి అన్నాడట. ఇంకేముంది! తిన్నగా చాచా గదికి వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. వెళ్లాను.

"అల్లా తోడు అమ్మా, గిది నీ రాయే. లోపల వాన చూడు. గదే వాన" అని చాచా అద్దం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చూసింది. కంటి నిండా నీళ్లున్న మనిషికి ఏం కనబడుతుంది? అద్దం పక్కన పెట్టేసి, నలుగురూ పోగయ్యేలా ఆయన్ని తిట్టింది. మొగుణ్ని రెండోసారి పోగొట్టుకున్నట్టు ఏడ్చింది. ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేనేమైనా అంటానేమో అని ఎదురుచూసినట్టుగా. నేను నా కాళ్ల వేళ్లు చూసుకున్నాను. నిప్పు అన్న మాట ఆయన నోట రాలేదు. నా పేరు రాలేదు.

ఎందుకు చెప్పలేదు? చెబితే నమ్మరనుకున్నాడా? నా నోటితో నేనే చెప్పాలని ఆగాడా? బిడ్డా అని పిలిచినందుకా? ఏమో. అడిగే మొహం నాకు లేకపోయింది.

అప్పుడు నోరు తెరిస్తే ఏమయ్యేది? ఆడదాన్ని పీట మీద కూర్చోబెడితే ఇట్లనే అయితది అనేవాళ్లు. బాపు దుకాణం మూసేవాడేమో. అంతకంటే ఏమీ కాదు. అది నాకు చాలా పెద్దదిగా కనిపించింది. ఆయన ముప్పై ఏళ్ల పేరు దాని ముందు చిన్నదిగా కనిపించింది.

మా బజారు చిన్నది. వారం తిరిగేసరికి ఖాజా రాళ్లు మారుస్తాడన్నది అందరి నోళ్లలో పడింది. ఆయన మతాన్ని కూడా కలిపి కొందరు కొన్ని మాటలన్నారు. అవి ఇక్కడ రాయను. కానీ మా దుకాణంలో కూర్చునే అన్నారు, నేను వాళ్లకు చాయ్ తెప్పించాను. పొట్లాలు రావడం తగ్గింది, తర్వాత ఆగింది. చాచా సాన చక్రం అమ్మేసి బావమరిది గాజుల కొట్లో కూర్చున్నాడు. బాపు మాత్రం ఒప్పుకోలేదు. "ఖాజా అసొంటోడు గాడు. నా చిన్నప్పటి సంది చూస్తున్న" అన్నాడు ఒక రోజు అన్నం తింటూ. నేను ఏమన్నానో తెలుసా? "ఏమో బాపు, మనుషులు ఎప్పుడెట్లుంటరో" అన్నాను. ఛీ! మిగతావన్నీ భయంతో చేశాను అనుకున్నా, ఇది ఏ భయంతో అన్నాను? బాపు తింటున్నవాడల్లా ఆగి నన్ను చూశాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. ఆ మాట మనసులో పెట్టుకునే బాపు కన్నుమూశాడు.

చాచా పోయిన సంవత్సరం చనిపోయాడు. నాలుగో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నా చేయి పట్టుకుని, "నీ చెయ్యి మంచిదని అంటుండె ఎప్పటికీ. గంత మంచి చెయ్యి ఈ బజార్ల లేదని" అంది. అప్పుడన్నా చెప్పొచ్చు కదా. చెప్పలేదు. కళ్లు తుడుచుకుని వచ్చేశాను. ఆమె అది దుఃఖం అనుకుంది.

ఇప్పుడు నా దుకాణానికి మంచి పేరుంది. బాపు ఎక్కడ అని ఎవరూ అడగరు. అడగడానికి ఆయనా లేడు.

పోయిన నెల సుగుణక్క మళ్లీ వచ్చింది. జుట్టు సగం నెరిసింది. అదే ఉంగరం బల్ల మీద పెట్టింది. ఆమె బిడ్డ దాన్ని ఒక్కనాడూ పెట్టుకోలేదట. అమ్మ అది చూస్తే చాలు ఏడుస్తుందని బీరువాలో పడేసిందట. "గీ బంగారం కరగవెట్టి మనుమరాలికి కమ్మలు జెయ్యి. రాయి నాకద్దు, పారేయ్. మా ఆయనది గాదు గద" అని వెళ్లిపోయింది.

రాయిని విడదీశాను. అద్దం పెట్టి చూశాను. వాన అలాగే ఉంది. ఒక్క గీత చెదరలేదు. భర్త చేతులతో తెచ్చిన రాయిని ఆ మనిషి చెత్తలో వేయమని చెప్పి వెళ్లింది. నేను సరే అక్కా అన్నాను. ఇంకో నిమిషం ఊరుకుంటే అదీ జరిగిపోయేది, ఇక ఆ తర్వాత చెప్పడానికి కూడా ఏమీ మిగిలేది కాదు. అప్పుడు మాత్రం నాకు భయమేసింది. చాచా కోసం రాని భయం అప్పుడు వచ్చింది.

రెండు రోజులు తర్జనభర్జన పడి, మూడో రోజు ఆటో ఎక్కి చిన్నకోడూరు వెళ్లాను. ఆమె వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. రాయిని ఆమె చేతిలో పెట్టి అంతా చెప్పాను. నిప్పులో పెట్టింది నేనని, చాచా అడిగితే లేదన్నానని, ఎవరూ ఏదీ మార్చలేదని. ఆమె తిడుతుంది, కొడుతుంది, అప్పుడు నాకు తేలికవుతుంది అనుకున్నాను. ఇన్నేళ్లలో నేను ఊహించుకున్నదంతా అదే.

ఆమె తిట్టలేదు, కొట్టలేదు. రెండో చేత్తో చేటలోంచి ఒక వడ్లగింజ ఏరి పడేసింది.

"గా మనిషిని నలుగుట్ల నిలవెట్టి తిట్టిన" అంది చివరికి. "నీ చేతులు పడిపోను అన్న. గాయిన ఉన్నప్పుడు గీ మాట జెప్తే పోయి కాళ్లు మొక్కేదాన్ని గదనే. గిప్పుడు ఎవరి కాళ్లు మొక్కాలె చెప్పు?"

ఆమె చేటను పక్కకు జరిపింది.

"నాతోని జెప్తే అయితదా? గా బజార్ల జెప్పు పో" అంది. రాయిని పిడికిట్లో పెట్టుకుని ఇంట్లోకి వెళ్లింది. తలుపు వేసుకుంది. బియ్యం చేట వాకిట్లోనే ఉండిపోయింది.

నా బరువు దించుకుందామని వెళ్లి, ఏ పాపం తెలియని మనిషి నెత్తిన ఇంకో బరువు పెట్టి వచ్చాను. పదమూడేళ్ల కింద చెబితే నా ఒక్కదాని తప్పు. ఇప్పుడు ఆమెకూ ఒక తప్పు తయారైంది, తెలియక చేసింది, దిద్దుకోవడానికి మనిషి లేడు. ఒప్పుకుంటే మంచిదే అంటారు. ఎప్పుడు ఒప్పుకున్నా ఒకటే కాదని నాకు ఆ వాకిట్లో తెలిసింది.

మర్నాడు బజారులో చెప్పాలనే షట్టర్ ఎత్తాను. పక్క దుకాణం ఆయన వచ్చాడు. ఎండలు ముదురుతున్నాయని మాట్లాడుకున్నాం. ఆ మర్నాడూ అంతే. అందుకే ఇది రాస్తున్నాను. అప్పుడు చాచా వెనక దాక్కున్నాను, ఇప్పుడు ఈ కాగితం వెనక దాక్కుంటున్నాను, అది నాకు తెలుసు. అయినా రాస్తుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది.

నా పేరు రాయను. ఆయన పేరు మాత్రం మార్చలేదు. సిద్దిపేట పాత బజారులో రాళ్ల పని చేసిన ఖాజా ఎవరి రాయీ మార్చలేదు. దాన్ని కాల్చింది నేను. ఆయన అడిగితే లేదన్నదీ నేనే.